ఎలకల కోసం తుపాకి కొన్న కథ



పోయిన నెల సంఘం కూటం ముగిసినాక భోజనాల పంక్తిలో ఇద్దరు ముగ్గురు మమ్మల్ని అడిగినారు. "మీ తోటలో ఎలకలకు ఎయిర్ గన్ కొన్నారంట కదా, ఎట్ల ఉంది? మేమూ ఒకటి కొనాలని చూస్తా ఉన్నాము" అని. ఆకులో రసం పోసేలోపల చెప్పి ముగించే సంగతి కాదు అది. అందుకే ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. తెలుగు అక్షరాలు రిటైరైనాక నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి.

ఈ రాతలో మేము అంటే ముగ్గురం. మా పెద్దన్న, రైల్వేలో గుమాస్తాగా రిటైరై ఇప్పుడు ఇది రాస్తున్న మనిషి, మా అక్క కొడుకు. తోట ముగ్గురిదీ. తుపాకి ముగ్గురిదీ. జరిగిన తప్పూ ముగ్గురిదే. కాబట్టి "నేను" అని రాసే చోటు ఇందులో లేదు.

తోట రాజపాళయానికి పడమర, కొండకు దగ్గర. 140 టెంకాయ చెట్లు, మా నాయన నాటినవి. రెండేళ్ళ ముందు పిందెలు రాలడం ఎక్కువైంది. తొడిమ దగ్గర గుండ్రటి రంధ్రం, లోపల ఖాళీ. అన్న ఒకనాడు, "ఒరే, నీకు లెక్కలే కదా పని, ఈ నెల రాలినవి లెక్కపెట్టు" అన్నాడు. లెక్కపెట్టినాము. ఒక నెలలో 312. అన్నిట్లోనూ అదే రంధ్రం. చెట్టు మీద ఇట్లుంటే, కింద గోదాంలో ఎండు కొబ్బరికి ఇంకో గుంపు. సంచి కొరికి, కొబ్బరి తిని, మిగిలినదాని మీద ఉచ్చ పోసి పోయేవి.

రైల్వేలో ఉన్నప్పుడు ఒక గూడ్స్ షెడ్డులో చాలా ఏళ్ళు ఎలకలతోనే కాపురం చేసినాము. బియ్యం బస్తా ఎన్ని కిలోలు తగ్గిందో రాయడం మా పని. ఎలకను పట్టడం మా పని కాదు. ఈ వయసులో, సొంత సరుకు విషయంలో, రెండూ మా పనే అయినాయి.

బోను పెట్టినాము. మొదటి వారం మూడు పడినాయి, తర్వాత ఒక్కటీ పడలేదు. ఎలకకు ఆ తెలివి ఉంది. పిల్లిని తెచ్చినాము, అది అన్న ఇంట్లో పాలకు అలవాటు పడింది. అప్పుడు అల్లుడు, "మామా, ఎయిర్ గన్ కొందాం" అన్నాడు.

మొదట చట్టం చూసినాము. గుమాస్తా బుద్ధి కదా, ఫారం చూడకుండా ఏ పనీ చెయ్యలేము. 2016 ఆయుధాల నియమాల ప్రకారం గొట్టం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, గుండు గొట్టం దాటేటప్పుడు శక్తి 20 జౌళ్ళు మించకుండా ఉంటే ఆ ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదు. అల్లుడికి 0.22 మీద ఆశ. అది పెద్ద గుండు, దానికి లైసెన్సు కావాలి. అన్న ఒక్క మాట అన్నాడు: "ఎలక కోసం కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరిగేదానికి నాకు కాళ్ళు లేవు." 0.177 అని తీర్మానం అయింది.

20 జౌళ్ళు అంటే ఎంత అని చాలామందికి తెలియదు. అర గ్రాము గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే దానికి 10 జౌళ్ళు. ఎలకకు అది చాలు, సరైన చోట తగిలితే. పందికి అది చీమ కుట్టినట్టు. ఒక అంగడిలో మనిషి, "సార్, ఇది పందిని కూడా పడేస్తుంది" అన్నాడు. నమస్కారం పెట్టి బయటికి వచ్చేసినాము. తన సరుకు ఏం చెయ్యలేదో చెప్పనివాడి దగ్గర కొనకూడదు.

రకాలు మూడు చూపించినారు. స్ప్రింగుది, చిన్న గ్యాసు సిలిండరుది, ముందే గాలి నింపి పెట్టుకునేది. గాలి నింపేదానిలో గురి బాగుంటుంది, అదురు ఉండదు, కానీ పంపు వేరుగా కొనాలి, వెల ఎక్కువ. గ్యాసుదానికి సిలిండరు అయిపోతే మళ్ళీ టౌనుకు పరుగెత్తాలి. స్ప్రింగుది గొట్టాన్ని మడిచి బిగిస్తే చాలు, వేరే ఏమీ వద్దు. స్ప్రింగుదే తీసుకున్నాము. అంగడిలోనే ముగ్గురమూ పదేసి సార్లు గొట్టం మడిచి చూసినాము. అన్నకు ఐదోసారికే భుజం నొప్పి వచ్చింది. అందుకని అల్లుడు చూపించిన బలమైనది వదిలి, దానికంటే కొంచెం మెత్తనిది ఎంచుకున్నాము. మీరు కొనేటట్టయితే ఇది గుర్తు పెట్టుకోండి. తుపాకి బలం కాదు, దాన్ని రోజూ మడిచేవాడి భుజం బలం చూసి కొనాలి.

ఇంక మా తప్పు.

కొని తెచ్చిన రోజే సాయంత్రం అల్లుడికి ఆగలేదు. మాకూ ఆగలేదు, అతని మీద తప్పు వెయ్యడం న్యాయం కాదు. గోదాం తలుపు సందులోంచి చూస్తే సంచి మీద ఎలక కూర్చుని ఉంది. ఎనిమిది మీటర్లు కూడా ఉండదు. "కొట్టు" అన్నాము. కొట్టినాడు. తగిలింది, కానీ నడుముకు తగిలింది. అది కిందపడి ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ సంచుల వెనక్కి పోయింది. ఎలక అరుపు అంత పొడుగ్గా ఉంటుందని మాకు తెలియదు. సంచులు ఒక్కొక్కటీ తీసి వెతికి, దొరికినాక అన్న కర్రతో ఒక్క దెబ్బ వేసినాడు. అప్పుడు చూస్తే, వాకిట్లో అన్న మనవరాలు నిలబడి ఉంది. ఏడేళ్ళ పిల్ల. "తాతా, ఎందుకు అట్ల అరిచింది?" అని అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆ రాత్రి అన్న మజ్జిగ మాత్రం తాగి పడుకున్నాడు.

ఎలకను చంపకూడదు అని మేము చెప్పడం లేదు. రైతుకు అట్ల చెప్పేవాళ్ళు గోదాంలో ఒక రాత్రి పడుకుని చూడాలి. చంపితే ఒక్కసారిగా చంపాలి. సగం చంపి వదిలేది పాపం. అది చేసినాము, తుపాకిని పరీక్ష చెయ్యకుండా, మమ్మల్ని మేము పరీక్ష చేసుకోకుండా.

మరుసటి రోజు పరీక్ష మొదలు పెట్టినాము. పంబుసెట్టు గది వెనక ఎత్తైన మట్టి గట్టు ఉంది. దాని ముందు ఇసుక నింపిన సిమెంటు సంచులు నాలుగు వరుసలు పేర్చినాము. రాయి, ఇనుము, చెట్టు మాను వెనక ఉంటే గుండు తిరిగి మన మీదికే రావచ్చు. ముగ్గురికీ కళ్ళద్దాలు తప్పనిసరి. పిల్లలకు ఆ వైపు రావడమే లేదు.

గురికి అట్టలు కావాలి. ఇంట్లో పాత పెళ్ళి పత్రికలకు కొదవ లేదు, మన సంఘంలో ఎవరింట్లోనూ ఉండదు. వాటిని పాత అట్ట రైలు టికెట్టు కొలతకు కత్తిరించినాము. 57 మిల్లీమీటర్ల పొడుగు, 30 వెడల్పు. ఇన్నేళ్ళు చేతిలో పట్టిన కొలత కదా, స్కేలు లేకుండానే వచ్చింది. మధ్యలో రూపాయి బిళ్ళ పెట్టి పెన్సిలుతో గీసి నలుపు నింపినాము. ఎలక తల అంతే ఉంటుంది. ఆ నలుపులో పడితే ప్రాణం వెంటనే పోతుంది. నలుపు దాటి టికెట్టులో పడితే, ఆ రాత్రి మేము విన్న అరుపు. టికెట్టు కూడా దాటితే ఎలక పారిపోయింది అని లెక్క. ఒక రిజిస్టరు తెరిచినాము. తేదీ, దూరం, గుండు రకం, కాల్చింది ఎవరు, నలుపులో ఎన్ని, టికెట్టులో ఎన్ని, బయట ఎన్ని.

మొదటి రోజు చూసి తుపాకి పాడైందని అనుకున్నాము. పొగ వచ్చింది, టపాకాయ మాదిరి చప్పుడు చేసింది, గుండ్లు నాలుగు వైపులా పోయినాయి. తర్వాత తెలిసింది. కొత్త స్ప్రింగు తుపాకిలో లోపల నూనె ఎక్కువ ఉంటుంది, అది గాలి వేడికి మండుతుంది. ఆ నూనె పోయి స్ప్రింగు కుదురుకునేదానికి ఒక డబ్బా గుండ్లు ఖర్చు పెట్టాలి. గుండు లేకుండా ఒట్టిగా మాత్రం కాల్చకూడదు, లోపల దెబ్బ తింటుంది.

రెండోది పట్టు. స్ప్రింగు తుపాకి గుండు బయటికి పోకముందే వెనక్కీ ముందుకీ అదురుతుంది. గట్టిగా పట్టుకుంటే ఆ అదురు ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతుంది. అల్లుడు బలంగా పట్టేవాడు, టికెట్టు బయట పడేది. అన్న కోడిపిల్లను పట్టినట్టు పట్టేవాడు, నలుపులో పడేది. మంచం మీద కంబళి మడిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, అరచేతిలో తుపాకిని ఊరికే ఆనించి కాల్చాలి.

మూడోది గుండు. తల చదరంగా ఉండేవి, ముల్లు మాదిరి ఉండేవి, గుండ్రంగా ఉండేవి, మూడు రకాలు తెచ్చినాము. ముల్లువి చూసేదానికి భయంకరంగా ఉన్నాయి, గురిలో అన్నిటికంటే వెనక. 10 మీటర్లలో చదరపువీ గుండ్రటివీ సమానం. దూరం పోయేకొద్దీ గుండ్రటివి మేలు. ఇది మా తుపాకి లెక్క. మీ తుపాకికి మీరే చూసుకోవాలి, ఒక్కో గొట్టానికి ఒక్కో గుండు పడుతుంది.

నాలుగోది కన్ను. రాసే మనిషికి రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. గొట్టం మీది గురిముక్క, దూరంలో నలుపు, రెండూ ఒకేసారి కనపడవు. దుర్భిణి బిగించినాము. అయినా చెయ్యి వణుకుతుంది. రిజిస్టరులో మూడు రోజుల లెక్క చూసి, రాసే మనిషి కాల్చకూడదు, రాయడమే చెయ్యాలి అని మిగతా ఇద్దరూ తీర్పు చెప్పినారు. రైల్వేలో నలభై ఏళ్ళ తర్వాత ఇంకోసారి గుమాస్తాగా నియామకం.

ఒక నెల పరీక్ష తర్వాత గుండ్రటి గుండుతో లెక్క ఇది. 10 మీటర్లలో అన్నకు పదికి పది నలుపులో, అల్లుడికి పదికి పది. 20 మీటర్లలో అన్నకు ఏడు, అల్లుడికి ఎనిమిది. 30 మీటర్లలో ఇద్దరికీ నాలుగు దాటలేదు. అంగడిలో ఇదే తుపాకి 50 మీటర్లు కొడుతుందని చెప్పినారు. కొడుతుంది, నిజమే. దేన్ని కొడుతుందో అదే చెప్పలేదు.

పదికి పది వచ్చే దూరమే మా దూరం అని తీర్మానం చేసినాము. అంటే 10 మీటర్లు. గోదాంకు అది చాలు.

కానీ అల్లుడికి చెట్టు మీది ఎలకల మీదే మనసు. "మామా, చెట్టు ఎత్తు పదమూడు, పధ్నాలుగు మీటర్లే. గోడకు ఆనుకుంటే తప్పదు" అన్నాడు. 312 పిందెల లెక్క రాసిన చేత్తో కాదనలేకపోయినాము. ఒకరోజు సాయంత్రం ఆరుంబావు ఉంటుంది, మట్టలు ఏరే ఆడవాళ్ళు ఇంటికి పోయినారు. పంబుసెట్టు పక్క చెట్టులో, పిందెల గెల వెనక, ఏదో కదిలింది. నల్లగా, మట్టల సందులో తల మాత్రం. అల్లుడు గోడకు ఆనుకున్నాడు. సేఫ్టీ తీసినాడు. ఊపిరి పట్టినాడు. దుర్భిణిలో నలుపు మీద నలుపు, ఇంకేం కావాలి.

"ఆగు" అన్నాడు అన్న.

గెల పక్కనుంచి తోక జారింది. ఒక మూర పొడుగు, కుచ్చు మాదిరి, బూడిద చల్లినట్టు. మరు క్షణం ఆ జంతువు ఇంకో చెట్టు మట్ట మీదికి దూకింది.

మా ప్రాంతం వాళ్ళకు చెప్పక్కరలేదు. మిగతావాళ్ళకు చెబుతాము. శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో ఉండే బూడిద రంగు పెద్ద ఉడత అది, తమిళంలో చాంబల్ నిఱ అణిల్ అంటారు. దాని కోసమే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టినారు. 2021లో ఆ అడవి మేగమలైతో కలిసి పులుల అభయారణ్యం కూడా అయింది. అది కొండ దిగి తోటల్లోకి వస్తుందని మాకు తెలుసు. తెలిసీ, ఆ వెలుతురులో తల మాత్రం చూసి ఎలక అనుకున్నాము. ఎలక రాత్రి తిరుగుతుంది, ఈ ఉడత పగలు తిరుగుతుంది, ఆ ఆరుంబావు గంట రెండింటిదీ. ఒక్క వేలు కదలి ఉంటే, చట్టం సంగతి తర్వాత, మా అవ్వ చిన్నప్పటినుంచి చెప్పిన రాముడి మూడు గీతల కథ ఏ ముఖంతో ఆ పిల్లకు చెప్పేది?

అల్లుడి చేతులు వణికినాయి. బిగించిన స్ప్రింగును అట్లే వదలకూడదు కాబట్టి, నడిచి పోయి ఇసుక సంచిలోకి కాల్చి తుపాకి ఖాళీ చేసినాడు. ఆ రోజు రిజిస్టరులో ఆ ఒక్క గుండే రాసి ఉంది.

ఇంటికి నడిచేటప్పుడు అన్న ఒక పాత సంగతి చెప్పినాడు. మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు నరికురవ మనిషి ఒకడు నాటు తుపాకితో ఊరికి వచ్చేవాడు. మాతో తెలుగులోనే మాట్లాడేవాడు. మా అవ్వ, "చెట్టు మీది ఎలకలను కొట్టిపోరా, కొలగ జొన్నలు ఇస్తాను" అంది. అతను తల ఎత్తి చూసి, "అమ్మా, మట్టల వెనక ఉండేది ఆకాశం. నా గుండు ఎవరి ఇంటి ముందు పడుతుందో నాకు తెలియదు" అని జొన్నలు వద్దని పోయినాడంట. తుపాకితోనే బతికే మనిషి మాట అది. చిన్న సీసం గుండు కూడా వందల మీటర్లు పోతుంది. మా తోటకు తూర్పున బడి ఉంది. నెల రోజులు ఇసుక సంచులు పేర్చి జాగ్రత్తగా పరీక్ష చేసిన మేము, చెట్టు మీదికి ఎత్తినప్పుడు వెనక సంచి లేదని గమనించలేదు.

ఆ రాత్రే రిజిస్టరు మొదటి పేజీలో రాసి ముగ్గురమూ సంతకాలు పెట్టినాము. గోదాంలో మాత్రమే. 10 మీటర్ల లోపలే. వెనక ఇసుక సంచి ఉన్నప్పుడే. మొత్తం శరీరం కనపడితేనే. తల ఎత్తి కాల్చేది లేదు. పని అయినాక తుపాకి బీరువాలో, గుండ్లు వేరే ఇంట్లో.

మరి చెట్టు మీది ఎలకలు? తోట ఆఫీసరు చెప్పింది ముందే చేసి ఉండాల్సింది. నేలనుంచి రెండు మీటర్ల ఎత్తులో, 40 సెంటీమీటర్ల వెడల్పు తగరం రేకు మానుకు చుట్టినాము. ఎలక గోళ్ళు దాని మీద నిలవవు. మట్ట మట్ట తగిలే చెట్లకు ఇది పనికిరాదు, ఒకదానినుంచి ఇంకోదానికి దాటుతుంది. 140లో 96 చెట్లకు రేకు కుదిరింది. మిగతావాటికి బ్రోమాడియోలోన్ బిళ్ళలు మొవ్వులో, 12 రోజుల తేడాతో రెండు సార్లు పెట్టించినాము. ఆ మందు తిన్న ఎలకను గుడ్లగూబ తింటే దానికీ ముప్పే. ఒక గుడ్లగూబ ఒక రాత్రి చేసే పని మా తుపాకి ఒక వారంలో చెయ్యదు. అందుకని రాలిన ఎలకలను తెల్లారకముందే ఏరి లోతుగా పూడ్చినాము. ఆరు నెలల తర్వాత అన్న మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. నెలకు 47.

గోదాంలో ఏడాదికి 31 గుండ్లు కాల్చినాము, 23 ఎలకలు. అందులో రెండు సగం చావులు. ఆ రెండూ ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి.

అడిగినవాళ్ళకు జవాబు. గోదాం ఎలకల కోసమైతే కొనండి, నెల రోజులు అట్టను కొట్టినాకే ఎలకను కొట్టండి. నెమలి కోసం అడిగిన తమ్ముడికి మాత్రం వేరుగా చెబుతున్నాము. మీ మొక్కజొన్న నష్టం మాకు తెలుసు. కానీ నెమలి మొదటి షెడ్యూలు పక్షి, మూడేళ్ళనుంచి ఏడేళ్ళ జైలు. లైసెన్సు లేని తుపాకి అయినంత మాత్రాన చంపేదానికి లైసెన్సు వచ్చినట్టు కాదు. పందుల సంగతి, మన తమిళనాడులో అది అటవీ శాఖవాళ్ళ పని, అర్జీ పెట్టండి. రాయడానికి కష్టమైతే మేము రాసి ఇస్తాము, అది మాకు చేతనైన పని. అడవి పక్క తోటలవాళ్ళు ఇంకోటి గుర్తు పెట్టుకోండి. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టడమే నేరం, ఎయిర్ గన్ అయినా సరే.

కొనేముందు ఒకసారి పట్టి చూడాలి అనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున మా తోటకు రండి. మంచం, కంబళి, ఇసుక సంచులు ఉన్నాయి. పాత పెళ్ళి పత్రికలు ఉంటే తీసుకురండి, మావి అయిపోవచ్చినాయి. పిల్లలను తీసుకొస్తే వాళ్ళకు ఎలనీరు ఇంటి దగ్గర, తుపాకి దగ్గర కాదు.

అన్న మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. మొన్న రిజిస్టరు తిప్పి చూసి, ఎర్ర సిరా ఎందుకు అని అడిగింది. ఈసారి చెప్పినాము.